మూడు రోజులు కలుపుకున్న జ్వరం

నేను లెక్కల పంతులును. ముందే చెప్పుకోవడం ఎందుకంటే, ఇది లెక్క తప్పిన ఒక జ్వరం సంగతి. తప్పిన లెక్క నాదే.

ఇప్పుడు మిర్యాలగూడలో మా బావమరిది నర్సయ్య ఇంటి వసారాలో, ఎండ మోకాళ్ళ దాకా తగిలేలా మంచం వేసుకుని రాస్తున్నాను. పది మాటలు రాస్తే ఆయాసం వస్తుంది. కాబట్టి వాక్యాలు పొట్టిగా ఉంటే అది శైలి అనుకోకండి, ఊపిరి. ఎండ గోడ మీద నుంచి మంచం మీదికి, మంచం మీద నుంచి నేల మీదికి నడుస్తూ ఉంది. నేను దానికంటే కొంచెం మెల్లగా నడుస్తాను. ఆ వారం రోజులను కాగితం మీద దించితే గాని నా చేతులు కుదుటపడేలా లేవు. ఇంకొక పని కూడా ఉంది. ఇలాంటి జ్వరంతో ఎవరింట్లోనైనా ఎవరైనా పడుకుని ఉంటే, వాళ్ళకు ఒక మాట చెప్పాలి.

సోమవారం, మంగళవారం, బుధవారం

పోలీసు చర్య జరిగాక వచ్చిన మొదటి చలికాలం అది. సూర్యాపేట బడిలో పదకొండేళ్ళు నేను ఉర్దూలో లెక్కలు చెప్పాను. జమా, తఫ్రీక్, జర్బ్, తక్సీమ్. ఉన్నట్టుండి అవి కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం అయి కూర్చున్నాయి. తెలుగు నా తల్లి భాషే. కాని తల్లి దగ్గర క.సా.గు. ఎవరు నేర్చుకుంటారు? నాకు తెలిసిన సాగు పొలంలోది ఒక్కటే. అలాంటి సమయంలో సోమవారం ఇన్‌స్పెక్టరు తనిఖీకి వస్తున్నాడనీ, ప్రతి పంతులూ ఆయన ఎదుట తెలుగులో పాఠం చెప్పి చూపించాలనీ కబురు వచ్చింది.

ఆదివారం పొద్దుగూకే వేళ వంటింట్లోంచి ఒక ఉల్లిగడ్డ ఎత్తుకొచ్చాను. చంకలో ఉల్లిగడ్డ పెట్టుకుంటే ఒళ్ళు కాలుతుందని బడి పిల్లలకందరికీ తెలుసు. పదకొండేళ్ళలో ఆ ఎత్తు వేసిన వాళ్ళను ఎందరినో పట్టుకుని బెంచీ ఎక్కించాను. గురువుకు శిష్యుల దగ్గర నేర్చుకోవడం కంటే గౌరవమేముంటుంది?

సోమవారం తెల్లవారి మా ఆవిడ అండాళు నా నుదుటి మీద చెయ్యి పెట్టింది. "ఒళ్ళు పెనం లెక్క ఉన్నది. ఇయ్యాల బడికి పోవద్దు," అంది. మిరియాల కషాయం కాచింది. జ్వరానికి మా ఇళ్ళలో మొదటి మందు లంఖణం కాబట్టి అన్నం బందు పెట్టింది. నేను మూలిగాను. మూలుగు బాగానే వచ్చింది, అది ఏ భాషలోనైనా ఒకటే.

సోమవారం ఇన్‌స్పెక్టరు రాలేదు, మంగళవారం వస్తాడన్నారు. మంగళవారం రాలేదు, బుధవారం తప్పదన్నారు. నా జ్వరం కూడా ఆయన వెనకాలే ఒక్కొక్క రోజు జరిగింది. బుధవారం సాయంత్రం బడి వదిలిన గంట విని, ఇక నయమైందని లేచి, వాసన పోవాలని బావి దగ్గర చన్నీళ్ళు పోసుకున్నాను. మూడు రోజుల ఆకలి. అండాళు పప్పు, అన్నం పెట్టింది. అంత రుచి అయిన పప్పు నా జన్మలో తినలేదు. ఇంకింత వెయ్యమని అడిగి మరీ తిన్నాను.

గురువారం

బోర్డు మీద భిన్నాలు రాస్తున్నాను. చాక్‌పీసు దానంతట అదే టకటక కొట్టుకోవడం మొదలుపెట్టింది. చాక్‌పీసు కాదు, నా చెయ్యి. చెయ్యి కూడా కాదు, నేను. పళ్ళు కొట్టుకునేంత వణుకు పావుగంట సేపు పట్టి కుదిపింది. తరువాత కుడి పక్కన, రొమ్ము కింద, ఎవరో గునపం దింపి అక్కడే వదిలేసినట్టు నొప్పి. ఊపిరి తీస్తే గునపం కదిలేది. దగ్గితే ఇటుకపొడి రంగు కళ్ళె పడింది.

మా బడి పెద్ద పంతులు నన్ను తన బండిలో వేసుకుని ఇంటికి తెచ్చాడు. దారిలో నవ్వు ఆపుకుంటూ, "పంతులూ, ఇన్‌స్పెక్టర్ సాబ్ నిన్న గూడ రాలే. ఆయనకు గూడ జరమేనట. గాలి మంచిగ లేనట్టున్నది," అన్నాడు. ఇంకో రోజైతే నేనూ నవ్వేవాణ్ణి.

అండాళు గడపలోనే, "మళ్ళ తిరగబెట్టిందా?" అంది.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. తిరగబెట్టడానికి అంతకు ముందు జ్వరమంటూ ఉండాలి గదా అని. పెద్ద పంతులు పక్కనే ఉన్నాడు. సిగ్గు ఒకటి. సిగ్గు కింద ఇంకొకటి, భయం. పిలిస్తే పలికిందేమో, నేను ఆడిన జ్వరమే ఇప్పుడు నన్ను ఆడిస్తున్నదేమో అని ఆ వేడిలో నాకే సగం నమ్మకం కుదిరింది. నోరు మూసుకున్నాను.

శుక్రవారం

మర్నాడు పొద్దున పెద్ద పంతులే మళ్ళీ బండి కట్టించాడు. దవాఖాన వసారాలో పొడుగాటి బల్ల. దాని మీద అండాళు ఒళ్ళో తల పెట్టుకుని ఒక పూట గడిపాను. ఎదురుగా వేపచెట్టు కింద దూదేకుల ముసలాయన ఒకడు పరుపుల దూది ఏకుతున్నాడు. ధుమ్... ధుమ్... అని నారి మోగేది. మోగినప్పుడల్లా దూది పింజలు లేచి, ఎండలో కాసేపు ఆగి, దిగేవి. నా ఊపిరి ఆ చప్పుడుకు కట్టుబడి ఎక్కి దిగుతున్నట్టు అనిపించింది. ఆయన ఆపితే నేనూ ఆగిపోతానేమో అనుకుని, ఆపొద్దని మనసులోనే దండం పెట్టుకున్నాను.

డాక్టరు గారు గుంటూరు వైపు మనిషి. యుద్ధకాలంలో సైన్యం ప్రయోగశాలలో పనిచేసి, ఈ మధ్యనే మా ఊరికి వచ్చాడు. వెన్ను మీద వేళ్ళతో తట్టి విన్నాడు.

"ఎన్నాళ్ళయిందండీ జ్వరం వచ్చి?"

నేను అండాళును చూశాను. అండాళు పెద్ద పంతులును చూసింది. "సోమారం నుంచి సార్. ఇయ్యాల అయిదో రోజు," అంది.

"అయిదో రోజా? ముదిరిన జ్వరంలా లేదే," అని ఆయన కాసేపు నా ముఖంలోకి చూశాడు. నేను కళ్ళు మూసుకున్నాను. జబ్బు మనిషికి అదొక్కటే సుఖం, కళ్ళు మూసుకుంటే ఎవరూ ఏమీ అనరు.

ఆయన నా కళ్ళె కొంచెం గాజు పలక మీద తీసుకుని, నల్ల సిరా ఉందా అని అడిగాడు. దవాఖానలో ఉన్నది నీలం సిరా, అది పనికిరాదట. పెద్ద పంతులు అంగీ జేబులో నేను బడికోసం చేసిన సిరాబుడ్డి ఉంది. దీపం మసి, తుమ్మబంక కలిపి కాచిన సిరా. పదకొండేళ్ళ నా ఉద్యోగంలో నిక్కంగా నల్లగా మిగిలింది అదే. డాక్టరు గారు ఒక చుక్క కలిపి, సూక్ష్మదర్శినిలో చూసి, నన్ను కూర్చోబెట్టి నాకూ చూపించాడు.

నల్లటి రాత్రి. దానిలో జంటలు జంటలుగా చిన్న గింజలు. ప్రతి జంట చుట్టూ తెల్లటి వెలుగు వలయం, చలికాలం చంద్రుడి చుట్టూ గుడి కట్టినట్టు. నన్ను చంపడానికి వచ్చినవి అంత అందంగా ఉంటాయని నేను అనుకోలేదు.

"ఆ వలయమే దాని కోటండీ మాష్టారూ," అన్నాడు డాక్టరు గారు. "చక్కెరతో కుట్టిన కోటు. మీ సిరా దాంట్లోకి దిగదు, అందుకే తెల్లగా కనబడుతోంది."

అండాళు ఉలిక్కిపడింది. "సక్కెరనా? అయితే కషాయంల బెల్లం ఏసుడు బందు పెట్టాల్నా సార్?"

"తియ్యటి చక్కెర కాదమ్మా. చక్కెర జాతిదే గాని నాలిక్కి తెలియదు. ఈ సిరాలో తుమ్మబంక లేదూ? అదీ ఆ జాతిదే. జిగురు, జారుడు. మన రక్తంలో కాపలావాళ్ళు ఉంటారు, క్రిములను పట్టి మింగేస్తారు. కోటు లేని దాన్నయితే ఇట్టే పట్టేస్తారు. యుద్ధంలో చూశాను, కోటు పోయిన క్రిమి ఎలకపిల్లను కూడా ఏం చెయ్యలేదు. కోటు ఉన్నదాన్ని పట్టబోతే జారిపోతుంది."

"మరెట్ల?" అంది అండాళు.

"ఆ కోటుకు సరిపోయే పట్టు ఒకటి రక్తమే తయారు చేసుకోవాలి. ఏ కోటుకు ఆ పట్టే. నేర్చుకోవడానికి వారం పడుతుంది. నేర్చుకున్న పూట జ్వరం ఒక్కసారిగా దిగిపోతుంది. మామూలుగా ఏడో రోజు. ఆలస్యమైతే తొమ్మిదో రోజు. ఆ లోపల గుండె తట్టుకోవాలి. ఇవాళ అయిదో రోజంటున్నారుగా, ఎల్లుండి చూద్దాం."

నన్ను నాలుగు మంచాల గదిలో కిటికీ పక్కన పడుకోబెట్టారు.

ఆదివారం

నర్సయ్య మిర్యాలగూడ నుంచి లారీ తోలుకుని వచ్చాడు. అతను అండాళుకు అన్న, బియ్యం మిల్లుకు లారీ నడుపుతాడు. పెద్ద గొంతు, పెద్ద చేతులు. నేను పంతులునని అతనికి చిన్నచూపు. అతను గట్టిగా మాట్లాడతాడని నాకు. మా పెళ్ళైనప్పటి నుంచి ఈ లెక్క సమంగానే నడిచింది.

వచ్చీ రాగానే డాక్టరు గారు రాసిచ్చిన చీటీ పట్టుకుని కోదాడ పోయాడు. అక్కడ ఆగే బెజవాడ బస్సులో సల్ఫా బిళ్ళలు తెప్పించాడు. కొత్తగా వచ్చిన సూదిమందు కూడా అడిగాడట. అది బెజవాడలోనే దొరకలేదని డ్రైవరు చెప్పాడు. హైదరాబాదులో పెద్ద దవాఖానలో ఉండొచ్చన్నాడు. బిళ్ళలు నా కడుపులో ఆగలేదు. రెండు మింగితే మూడు వచ్చాయని నర్సయ్య లెక్క చెప్పాడు.

అందరి లెక్కకూ అది ఏడో రోజు. అండాళు పొద్దుటి నుంచి నా నుదురు తడుముతూనే ఉంది. పెద్ద పంతులు వచ్చి కూర్చుని పోయాడు. పక్క మంచం ముసలామె కొడుకు కూడా, "ఇయ్యాల దిగుతదంట గదా," అని తొంగి చూశాడు. నా జ్వరం ఒక తనిఖీ అయింది. నేను పాఠం ఒప్పజెప్పలేకపోయాను. సాయంత్రానికి జ్వరం ఇంకా ఎక్కింది.

ఇక అక్కడి నుంచి నాకు కిటికీ ఎక్కడో, బోర్డు ఎక్కడో తెలియలేదు. నేను తరగతి గదిలో ఉన్నాను. బెంచీల మీద ఇద్దరిద్దరు చొప్పున పిల్లలు. అందరికీ తెల్లటి షేర్వానీలు, మెరిసేవి, గుండీలు లేనివి. నేను హాజరీ పిలుస్తున్నాను. ఎవరూ పలకరు, నవ్వుతారు. ఒకడి చెవి పట్టుకోబోతే చెయ్యి బెండకాయ జిగురు మీద పడ్డట్టు జారింది. కాలరు పట్టుకోబోతే కాలరు లేదు. బోర్డు మీద నేను గుణకారం రాశాను. వాళ్ళు దాన్ని చూసి ఇద్దరు నలుగురయ్యారు, నలుగురు ఎనమండుగురయ్యారు. బెంచీలు చాలక కిటికీల్లో కూర్చున్నారు. నా పక్కటెముకల్లో కూర్చున్నారు. ఎంత మంచి పిల్లలు, లెక్క ఎంత తొందరగా నేర్చుకుంటున్నారు అని నాకు కన్నీళ్ళు వచ్చాయి. బయట ఎక్కడో దూది లేచి దిగుతూ ఉంది.

సోమవారం కూడా అదే కల. మధ్యలో ఒకసారి మెలకువ వస్తే నా రొమ్ము మీద కొత్త దూది మెత్త ఒకటి ఉంది, వెచ్చగా, బరువు లేకుండా. వేపచెట్టు కింది ముసలాయన తెచ్చి ఇచ్చాడట. "పంతులుకు పక్క నొప్పి గదా, కట్టమ్మా," అని అండాళు చేతిలో పెట్టి, మారు మాట వినకుండా పోయాడట. ఆయన పేరు ఇప్పటికీ నాకు తెలియదు.

మంగళవారం

తొమ్మిదో రోజు. మధ్యాహ్నం ఎండలో తెలివి కొంచెం తేరుకుంది. మాటలు నీళ్ళ కింది నుంచి వినబడుతున్నట్టు ఉన్నాయి.

"తొమ్మిది దినాలైపాయె సార్. ఇంకెప్పుడు దిగుతది?" నర్సయ్య గొంతు. "పట్నం తీస్కపోత. లారీల గడ్డి పరిపిచ్చిన. పొద్దుగాల చీకట్లనే బయలుదేరుత."

డాక్టరు గారు కిటికీలోంచి రోడ్డు వైపు చూశాడు. "ఆ గతుకుల రోడ్డు, ఈ చలి. ఇప్పుడున్న స్థితిలో కదిలిస్తే దారిలోనే గుండె ఆగిపోవచ్చు నర్సయ్య గారూ."

"గీడ ఉంటె?"

"అదే చెబుతున్నాను. జ్వరం ఏ అయిదో రోజో, ఆరో రోజో అయ్యుంటే చస్తే కదలనివ్వను. రక్తం ఇంకా నేర్చుకుంటోందని ఊరుకుంటాను. తొమ్మిది రోజులైనా ఆ కోటు మీద పట్టు దొరకలేదంటే, ఇక దొరకదు. అప్పుడు పట్నంలో సూదిమందు ఒక్కటే దిక్కు. ప్రమాదమైనా సరే, తీసుకెళ్ళడమే నయం."

నీళ్ళ కింద నుంచి నాకు ఒక్క సంగతి మాత్రం స్పష్టంగా వినబడింది. తొమ్మిది. దాంట్లోంచి మూడు. తీసివేత. తఫ్రీక్. ఏ భాషలో చేసినా ఆరే.

"నర్సయ్యా," అన్నాను. గొంతు నాది కానట్టు ఉంది. "ఇయ్యాల తొమ్మిదో రోజు కాదు. ఆరో రోజు. మొదటి మూడు రోజులు జరం లేదు. ఉల్లిగడ్డ."

అతను వంగి నా ముఖం చూశాడు. కళ్ళు నిండాయి. "సన్ని ఎక్కింది సార్. ఉల్లిగడ్డ అంటున్నడు."

"నిజం. చంకల... ఉల్లిగడ్డ."

"అయ్యో బావా. ఉల్లిగడ్డ తెస్త, పండుకో. ఎన్ని గావాలె?" అంటూ ఆ పెద్ద చేత్తో నా జుట్టు నిమిరాడు. అంత మెత్తగా అతను ఎప్పుడూ నన్ను ముట్టుకోలేదు. నేను బతికే దారి చెబుతుంటే అతను నన్ను జోకొడుతున్నాడు. ఒక్క నిజం చెప్పడానికి తొమ్మిది రోజులు ఆగాను. చెప్పిన పూట ఆ నిజానికీ పిచ్చిమాటకూ తేడా లేకుండా పోయింది. గదిలో ఎవరికీ పట్టని మనిషిగా పడి ఉన్నాను. నేను కూడా తెల్ల కోటేదో తొడుక్కున్నట్టే ఉంది. ఎవరు పట్టుకోబోయినా జారిపోతున్నాను.

డాక్టరు గారు తలుపు దాకా పోయాడు. అప్పుడు అండాళు లేచింది.

"జర ఆగుండ్రి సార్. ఆయన సన్నిల అంటలేడు. నిజమే చెప్తున్నడు. సోమ, మంగళ, బుధ ఆయనకు జరం లేదు. గురారం పొద్దుగాల బడిలనే మొదలైంది అసలుది."

డాక్టరు గారు వెనక్కి తిరిగాడు. "నాకు మొన్న చెప్పలేదేమమ్మా?"

"పెద్ద పంతులు ముంగట పెనిమిటి ఇజ్జత్ తీస్తనా?" తల వంచుకుంది. "అదొక్కటే గాదు సార్. దొంగ జరమే అసలు జరమైందనుకున్న. ఊకెనే పిలిస్తే జరం ఊకుంటదా? వచ్చింది. పిలిచిన నాటి నుంచే లెక్కనుకున్న."

నేనూ అదే అనుకున్నాను గదా. పక్కపక్కనే ఉండి, ఒకరికొకరు చెప్పుకోకుండా, ఇద్దరం ఒకే తప్పు చేశాం. ఇంత పొంతన మా పెళ్ళికి జాతకాలు చూసినాయన కూడా చెప్పలేదు.

ఆమె నా వైపు తిరిగింది. కోపమో ఏడుపో తెలియని గొంతు. "సోమారం పొద్దుగాలనే ఎరుకైంది నాకు. దుప్పటి సదురుతుంటె గడ్డ దొర్లింది. మళ్ళ ఆడనే పెట్టిన. బుధారం కడిగి పప్పుల ఏసిన. ఇంకింత ఎయ్యి ఇంకింత ఎయ్యి అని నువ్వే తిన్నవ్."

పక్క మంచం ముసలామె పక్కున నవ్వింది. డాక్టరు గారు నవ్వలేదు. నా మణికట్టు పట్టుకుని, గడియారం చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు.

"రక్తం పాఠం మొదలుపెట్టేది క్రిమి చొరబడ్డాకేనమ్మా," అన్నాడు మెల్లగా. "మనం పిలిచిన రోజుతో దానికి పని లేదు. గురువారం నుంచి లెక్కపెడితే రేపు ఏడో రోజు. ఈ మంచం కదలకూడదు."

"రేపటి దాక ఉంటడా సార్?" అన్నాడు నర్సయ్య.

"నాడి ఇంకా చేతికి అందుతోంది. అంతకంటే నేను చెప్పలేను."

నర్సయ్య బయటికి పోయి, లారీ మెట్టు మీద కూర్చున్నాడు. కిటికీలోంచి అతని వీపు కనబడేది. ఆ వీపు నిజాన్ని నమ్ముతున్నదో లేదో నాకు అర్థం కాలేదు.

బుధవారం

ఆ రోజు గురించి నాకు తెలిసింది తక్కువ. వెలుగు గదిలోకి పాలలాగా వచ్చింది. నా పెదవులు నల్లబడ్డాయట. అండాళు చెంచాతో గోరువెచ్చని నీళ్ళు పోస్తుంటే సగం చెంప మీదుగా పోయేవట. పొద్దున్నే లారీ డ్రైవరు సీటులోంచి నర్సయ్య రెండుసార్లు దిగి వచ్చి, "పోదమా?" అని ఒకసారీ, "పోదం!" అని ఒకసారీ అన్నాడట. డాక్టరు గారు రెండుసార్లూ తల అడ్డంగా ఊపాడట.

నేను మళ్ళీ తరగతిలో ఉన్నాను. పిల్లలు కిక్కిరిసి ఉన్నారు. అలసిపోయి నేనే ఒక బెంచీ చివర కూర్చున్నాను. పక్కన కూర్చున్నవాడి చెయ్యి అనుకోకుండా తగిలింది. జారలేదు. తెల్లటి బట్టకు ఎక్కడో ఒక మడత దొరికింది. వేలు పట్టింది. వాడు నా వైపు ఆశ్చర్యంగా చూశాడు, నేను వాడి వైపు. ఆ తరువాత గది ఒక్కొక్క బెంచీగా ఖాళీ కావడం మొదలైంది. గొడవ లేదు, గంట లేదు. చివరికి ఎండ పడుతున్న ఖాళీ బెంచీలు మిగిలాయి. దూరంగా వాన.

ఆ వాన నా ఒంటి మీదే. పగలు మూడో జాము వేళ చెమట పట్టిందట. దూది మెత్త తడిసింది, దుప్పటి తడిసింది, నులక తడిసి చుక్కలు కింద పడ్డాయి. ఒళ్ళు ఒక్కసారిగా చల్లబడింది. అప్పుడే నర్సయ్య లోపలికి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"సల్లబడ్డడు! అండాళూ, సల్లబడ్డడే! బావా!"

అది నేను విన్నాను. అతను మంచం పట్టె మీద తల కొట్టుకోవడం కూడా విన్నాను. "బంగారమసొంటి మనిషి! నేనే ఆగం జేసిన! నిన్ననే తీస్కపోతె దక్కెటోడు!" అని ఏడ్చాడు. బతికి ఉన్నప్పుడు నన్ను బంగారమని అతను ఎన్నడూ అనలేదు, ఇత్తడి అని కూడా అనలేదు. కళ్ళు తెరుద్దామని చూశాను. రెప్పల మీద ఎవరో బియ్యం బస్తాలు పెట్టినట్టు ఉంది.

అండాళు చెయ్యి నా ముక్కు కింద ఆగింది. చాలాసేపు ఆగింది.

"ఊకో అన్నా," అంది. "ఊపిరి ఆడుతున్నది. గిది సావు సల్ల గాదు, సెమట. గీ దుప్పటి సూడు, పిండుకోవచ్చు."

డాక్టరు గారు పరుగున వచ్చాడు. నాడి చూశాడు, వెన్ను విన్నాడు, మళ్ళీ నాడి చూశాడు. కుర్చీ లాక్కుని కూర్చుని, తన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మాష్టారూ, వినబడుతోందా? మీ రక్తం పాఠం ఒప్పజెప్పిందండీ. ఏడో రోజుకు సరిగ్గా." తరువాత నర్సయ్యతో, "లారీలో గడ్డి తీయించెయ్యండి," అన్నాడు.

ఆ గడ్డిని నర్సయ్య ఏం చేశాడో తెలియదు. నేను నిద్రపోయాను. కలలు లేని నిద్ర.

తరువాత

జ్వరం దిగిన పదో నాడు పాత బియ్యం అన్నం, బీరకాయ కూర, చారుతో పథ్యం పెట్టారు. పోపులో ఉల్లిగడ్డ లేదని అండాళు ప్రమాణం చేసింది. నెల తిరిగాక నర్సయ్య అదే లారీలో, ఈసారి ముందు సీట్లో, నన్ను మిర్యాలగూడ తెచ్చుకున్నాడు.

బయలుదేరే ముందు డాక్టరు గారిని అడిగాను, ఇక ఈ జబ్బు నాకు రాదు గదా అని. "ఈ కోటు వేసుకుని వస్తే మీ రక్తం గడపలోనే గుర్తుపడుతుంది," అన్నాడు. "వేరే కోటు వేసుకుని వస్తే కొత్తవాడే. ఇలాంటి కోట్లు పదుల రకాలున్నాయండీ. చలిలో చన్నీళ్ళు మాత్రం పోసుకోకండి." అంటే బతుకుమీద నాకు దొరికిన భరోసా ఒక్క రకం కోటుకే. అయినా ఏ భరోసా లేకుండా బతికిన మనిషికి అది తక్కువేం కాదు.

చెప్పాలనుకున్న మాట ఇది. ఇంట్లో ఎవరికైనా పక్క నొప్పితో జ్వరం వస్తే, మొదట వణికిన రోజు ఏదో డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి. పెద్దవాళ్ళు ఉన్నారని ఒక రోజు కలపకండి, పని పోతుందని ఒక రోజు తీసెయ్యకండి. జబ్బు మనిషి సన్నిలో ఏదో అంటున్నాడనుకున్నా, ఒకసారి చెవి పెట్టి వినండి. ఉల్లిగడ్డ అన్నా సరే.

నర్సయ్య ఆ మంగళవారం ఊసు ఎన్నడూ ఎత్తడు. నేను వచ్చిన మూడో నాడు మాత్రం, లారీ కింద దూరి ఏదో బిగిస్తూ, ముఖం కనబడకుండా అన్నాడు: "నువ్వు చెప్పినవ్ బావా. నేను ఇనలే. అండాళు నోరు తెరవకపోతె నా చేతులతోని నేనే చంపెటోన్ని." ఆ వెంటనే సుత్తి చప్పుడు మొదలుపెట్టాడు.

అప్పటి నుంచి అతనికి ఒక అలవాటు పట్టుకుంది. రోజూ పొద్దున మిల్లుకు పోయే ముందు, "ఎట్లున్నవ్ బావా?" అంటాడు. "మంచిగున్న," అంటాను. పోడు. గుమ్మంలో నిలబడి, ఇంకోసారి, గొంతు తగ్గించి, "ఎట్లున్నవ్?" అంటాడు. మొదటిది మర్యాదకు, రెండోది జవాబుకు అని ఇద్దరికీ తెలుసు.

ఈ పొద్దున రెండోసారి అడిగినప్పుడు, మెట్లెక్కుతుంటే కుడి పక్కన ఇంకా పట్టేస్తున్నదని చెప్పాను. అతను గుమ్మంలోంచి వెనక్కి తిరిగాడు. మిల్లుకు పోవడం మానేసి, నా మంచం మేడ మీద గదిలోంచి ఈ వసారాలోకి దింపాడు.